డీజిల్ బిల్లులో దొరికిన ఆధారం: ఒక కోల్డ్ స్టోరేజీ దావాలో పత్రాల పోరు

విశాఖపట్నంలో నేను వాది తరఫున నడిపిన వాణిజ్య దావా ఇది. కక్షిదారుల పేర్లు, చోట్లు, లాట్ నంబర్లు, తేదీలు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఏ దశలో ఏ దరఖాస్తు వేశాం, ఎందుకు వేశాం, దానికేమైంది అన్నది మాత్రం ఉన్నదున్నట్టే రాస్తున్నాను. సాక్షి ఒక్కరు కూడా బోనెక్కకముందే ఈ దావా ఒక కొలిక్కి వచ్చింది. అందుకు కారణం ఎదుటివాళ్ల దగ్గరున్న కొన్ని కాగితాలు. అవి బయటికి రావడానికి పడ్డ తిప్పల గురించే ఇదంతా.

నేపథ్యం

మా క్లయింట్ వనామీ రొయ్యలు కొని, శుద్ధి చేసి, గడ్డకట్టించి విదేశాలకు పంపే మధ్యతరహా ఎగుమతి సంస్థ. వేసవి పంట ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు సొంత కోల్డ్ స్టోరేజీ చాలదు. అప్పుడు కార్టన్లను నగర శివార్లలోని ఒక ప్రైవేటు కోల్డ్ స్టోరేజీలో అద్దెకు పెడతారు. ఒప్పందం పెద్దదేం కాదు, నాలుగైదు పేజీలు. సరుకును మైనస్ 18 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలో ఉంచాలి, అద్దె పాలెట్ లెక్కన కట్టాలి. చివర్లో ఇంకో చిన్న క్లాజు ఉంది: కరెంటు పోయి జనరేటర్ నడిస్తే, ఆ గంటల డీజిల్ ఖర్చులో అద్దెదారులు తమ వాటా ఇవ్వాలి. మొదటిసారి ఒప్పందం చదివినప్పుడు ఆ క్లాజు పక్కన ఎవరూ టిక్కు పెట్టలేదు.

ఆ స్టోరేజీ నుంచి వెళ్లిన రెండు కంటైనర్ల సరుకు దెబ్బతిన్నట్టు విదేశంలోని కొనుగోలుదారు తనిఖీలో తేలింది. రొయ్యల మీది మంచు పొర కరిగి మళ్లీ గడ్డకట్టిన గుర్తులున్నాయి, కరిగించి చూస్తే నీరు ఎక్కువగా కారుతోంది, రంగు మారింది. కొనుగోలుదారు ఒక కంటైనర్‌ ధర బాగా కోసేశాడు, రెండోదాన్ని పూర్తిగా తిరస్కరించాడు. దాన్ని వేరే చోట అయినకాడికి అమ్ముకోవాల్సి వచ్చింది. నష్టం రెండు కోట్ల పైమాటే.

స్టోరేజీవాళ్ల జవాబు మూడు ముక్కలు. మా గదుల్లో ఉష్ణోగ్రత ఏనాడూ పెరగలేదు. ఒకవేళ సరుకు చెడిందంటే మీరు తెచ్చినప్పుడే సరిగా గడ్డకట్టి లేదు. అదీ కాకపోతే ఓడ మీద రీఫర్ (శీతల) కంటైనర్లో ఏదో జరిగి ఉంటుంది. పైగా బకాయి అద్దె, డీజిల్ వాటా కలిపి మాకే మీరు ఇవ్వాలంటూ అదే దావాలో కౌంటర్ క్లెయిమ్ (ఎదురు దావా).

దావా వేసేముందు తీసుకున్న నిర్ణయాలు

3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదాలు 2018 సవరణ తర్వాత వాణిజ్య న్యాయస్థానానికే వెళ్తాయి. విశాఖలో అందుకు ప్రత్యేక కోర్టు ఉంది. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 11ని ఈ దావాల వరకు పూర్తిగా తిరగరాసింది. మామూలు సివిల్ దావాలకు అలవాటుపడ్డ మనలాంటివాళ్లకి తట్టే పెద్ద తేడా ఒకటుంది. వాది తన దగ్గరున్న పత్రాలన్నీ, తనకు అనుకూలమైనవీ ప్రతికూలమైనవీ కూడా, ప్లెయింట్ (దావా పత్రం)తో పాటే పెట్టాలి, ఇక నా దగ్గర ఏమీ లేవని ప్రమాణం చేసి చెప్పాలి. రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది రాతపూర్వక జవాబు)తో ప్రతివాదిదీ అదే బాధ్యత. దాచిన పత్రాన్ని తర్వాత వాడుకోవాలంటే సరైన కారణం చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. క్లయింట్ ఫైళ్లు తిరగేస్తుంటే వాళ్ల క్వాలిటీ మేనేజర్ రాసిన ఒక నోట్ కనబడింది. ఒక లారీ సరుకు స్టోరేజీకి చేరేసరికి లోపలి ఉష్ణోగ్రత మైనస్ 12 ఉందని అందులో ఆవిడ స్వయంగా రాశారు. ఎండీగారు ఆ కాగితం చూసి తలపట్టుకున్నారు. "ఏటండీ ఇది, మన వేలితో మన కన్నే పొడుచుకోడం కాదా? అది మన ఫైల్లోదే కదా, వాళ్లకెలా తెలుస్తాది?"

నేను పెట్టాలనే చెప్పాను. పెట్టకపోతే ఆ ప్రమాణపత్రం మీద సంతకం చేసే ఎండీగారే తప్పుడు ప్రమాణం చేసినవారవుతారు. అదొక కారణం. రెండోది వ్యూహానికి సంబంధించింది. లారీ డ్రైవరూ, దింపుకున్న స్టోరేజీ సూపర్‌వైజరూ ఆ సంగతి చూసినవాళ్లే. నోట్ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే ఆవిడ రాసిన మిగతా నోట్లన్నిటి మీదా అనుమానం పడుతుంది. మనమే ముందు పెడితే, చెడు సంగతి కూడా రాసిపెట్టే మనిషి అని ఆవిడ రికార్డులకు విలువ పెరుగుతుంది. ఆ లారీ కార్టన్లు ఏ కంటైనర్లోకి వెళ్లాయో ప్యాకింగ్ లిస్టులతో సరిచూశాం. కొన్ని వివాదంలో ఉన్న సరుకులోనే కలిశాయి. వాటి విలువను క్లెయిమ్‌లోంచి తీసేసి, ఎందుకు తీసేశామో ప్లెయింట్‌లోనే ఒక పేరాలో రాశాం. క్లయింట్‌కి ఆ రోజు నచ్చలేదు.

రెండో నిర్ణయం డేటా గురించి. కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత నమోదు చేసే డేటా లాగర్లలో మెమరీ నిండితే పాత రీడింగుల మీద కొత్తవి రాసేస్తాయి. అందుకని అర్జెంటుగా ఇంజంక్షన్ అడుగుతూ నేరుగా కోర్టుకు వెళ్దామని మా ఆఫీసులోనే ఒక జూనియర్ అన్నాడు. ఆలోచన తప్పు కాదు. కానీ తక్షణ ఉత్తర్వు కోరని దావాలకు వాణిజ్య న్యాయస్థానాల చట్టం సెక్షన్ 12ఏ కింద ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చింది. మధ్యవర్తిత్వం తప్పించుకోడానికే అర్జెన్సీ సృష్టించారా అన్నది కోర్టు చూడవచ్చని 2023లో యామినీ మనోహర్ కేసులో చెప్పింది. సరుకు చెడి నెలలు గడిచాక అర్జెన్సీ అంటే నిలబడుతుందా అన్నది నా సందేహం. నిలబడకపోతే ప్లెయింటే తిరస్కరణకు గురవుతుంది. అంత రిస్కు ఎందుకని మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టి, అదే రోజు స్టోరేజీవాళ్లకు ఒక నోటీసు పంపాం. ఫలానా గదుల లాగర్ మెమరీ, జనరేటర్ లాగ్‌బుక్, అలారం సందేశాలు ఉన్నవి ఉన్నట్టు భద్రపరచండి, చెరిపేస్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 119 కింద మీకు వ్యతిరేకంగా ఊహించమని కోర్టును కోరతాం అని. మధ్యవర్తిత్వానికి వాళ్లు రానే లేదు. నోటీసు మాత్రం అందింది, అందినట్టు రసీదు ఉంది. ఆ ఒక్క రసీదు తర్వాత చాలా పనికొచ్చింది.

అసలు గొడవ

రిటన్ స్టేట్‌మెంట్ 30 రోజులు దాటి, 120 రోజుల ఆఖరి గడువు దగ్గరపడుతుండగా వచ్చింది. దానితో పెట్టిన పత్రాల్లో ఉష్ణోగ్రతకు సంబంధించి ఉన్నవి నెలకొకటి చొప్పున అందంగా ప్రింటు తీసిన గ్రాఫులు. నీలం గీత ఒకటి మైనస్ 20కీ మైనస్ 18కీ మధ్య నిదానంగా సాగిపోతుంటుంది. రోజువారీ సగటు మాత్రమే. రా డేటా లేదు, జనరేటర్ లాగ్‌బుక్ లేదు, అలారం రికార్డు లేదు, మెయింటెనెన్స్ రిజిస్టర్ లేదు.

సగటు గీతతో చిక్కేమిటో క్లయింట్‌కి ఒక్క నిమిషంలో అర్థమైంది. రాత్రి ఐదారు గంటలు ఉష్ణోగ్రత పెరిగినా, మిగతా పద్దెనిమిది గంటలు గది బాగా చల్లగా ఉంటే రోజు సగటు మర్యాదగానే కనిపిస్తుంది.

ఇంతలో వాళ్లే మా మీద ఎదురు దరఖాస్తు వేశారు. గత మూడేళ్లలో అందరు కొనుగోలుదారులతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు, ఇన్వాయిస్‌లు, ధరల జాబితాలు, వచ్చిన ఫిర్యాదులు అన్నీ చూపించాలట. మా క్లయింట్‌కి టెన్షన్ మొదలైంది. స్టోరేజీ యజమాని దగ్గరి బంధువు కూడా రొయ్యల ఎగుమతిలోనే ఉన్నాడు. ఏ దేశంలో ఏ కొనుగోలుదారుకి ఏ కౌంట్ రొయ్య ఎంతకు అమ్ముతున్నామో తెలిస్తే వ్యాపారమే పోతుందని ఎండీగారి భయం. ఆ భయం నిజమైనదే.

ముందు వేసిన అడుగులు

ఆర్డర్ 11లోని రూల్ 5 కింద పత్రాలు చూపమని నోటీసు ఇచ్చాం. దీనికి జవాబు చెప్పడానికి 7 రోజులకు తగ్గకుండా, 15 రోజులకు మించకుండా గడువు ఉంటుంది. క్లయింట్ కోరిక మేరకు నోటీసు పరిధి విస్తారంగా పెట్టాం: ఆ ఏడాదికి సంబంధించి ఉష్ణోగ్రత, విద్యుత్తు, మెయింటెనెన్స్ రికార్డులన్నీ. పరిధి పెద్దదైతే ఎదుటివాళ్లకి తప్పించుకునే దారీ పెద్దదవుతుందని తెలిసినా, ముందు వాళ్లేమంటారో రాతపూర్వకంగా రాబట్టాలన్నది ఉద్దేశం. జవాబు అనుకున్నట్టే వచ్చింది. "మా దగ్గర లభ్యమయ్యే సంబంధిత రికార్డులన్నీ ఇప్పటికే దాఖలు చేశాం." లేవు అనలేదు, ఉన్నాయి అనలేదు.

తర్వాత కోర్టు అనుమతితో ఇంటరాగేటరీలు, అంటే ఎదుటి పక్షం ప్రమాణం మీద జవాబివ్వాల్సిన రాతపూర్వక ప్రశ్నలు. మేం పెట్టిన ప్రశ్నల్లో సగం పైగా జడ్జిగారు కొట్టేశారు. మీ గదిలో లోపం ఉందని మీకు తెలుసా లాంటివి క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగాల్సినవి అన్నారు. మిగిలిన కొద్దిపాటి ప్రశ్నలు పొడిపొడివి. లాగర్ ఎన్ని నిమిషాలకోసారి రీడింగ్ తీసుకుంటుంది? డేటా ఎక్కడ నిల్వ ఉంటుంది? అలారం మోగితే సందేశం ఎవరికి వెళ్తుంది? జవాబులు అఫిడవిట్‌లో వచ్చాయి: సాధారణ వ్యాపార క్రమంలో రికార్డులు నిర్వహిస్తున్నాం, సందేశాలు మెయింటెనెన్స్ సిబ్బందికి వెళ్తాయి. చూడ్డానికి చప్పగా ఉన్నా, అలారం వ్యవస్థ ఉందని, సందేశాలు వెళ్తాయని ప్రమాణం మీద ఒప్పుకున్నట్టే. ఆ పేజీ విడిగా తీసి పెట్టుకున్నాం.

మూడో అడుగు క్లయింట్ గట్టిగా పట్టుబట్టింది. అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు తరఫున వెళ్లి చూసివచ్చే న్యాయవాదిని) నియమించి, స్టోరేజీ కార్యాలయంలోని కంప్యూటర్ హార్డ్ డిస్కును కాపీ తీయించాలని. ఆ ఐఏ (మధ్యంతర దరఖాస్తు) కొట్టేశారు. సాక్ష్యం సేకరించి పెట్టడం కమిషనర్ పని కాదన్నది కోర్టుల్లో స్థిరపడ్డ మాట. అందులోనూ మొత్తం హార్డ్ డిస్కు అనేసరికి వేరే అద్దెదారుల లెక్కలు కూడా బయటపడతాయని ఎదుటి వకీలు చేసిన వాదన బలంగానే ఉంది. ఉత్తర్వులో మాత్రం ఒక వాక్యం ఉంది: కావలసిన పత్రం ఏదో, అది ఏ వివాదాంశానికి సంబంధించిందో నిర్దిష్టంగా చూపితే రూల్ 5 కింద పరిశీలించవచ్చు.

అమరావతికి, హైకోర్టుకు వెళ్దామన్నారు ఎండీగారు. నేను వద్దన్నాను. వాణిజ్య కోర్టు మధ్యంతర ఉత్తర్వుల మీద రివిజన్ వేయడాన్ని అదే వాణిజ్య న్యాయస్థానాల చట్టం సెక్షన్ 8 అడ్డుకుంటుంది. మిగిలేది రాజ్యాంగం అధికరణ 227, అంటే కింది కోర్టుల మీద హైకోర్టుకున్న పర్యవేక్షణ అధికారం. పత్రాల దరఖాస్తు కొట్టేశారని హైకోర్టు 227 కింద జోక్యం చేసుకోవడం అరుదు. గెలిచే అవకాశం తక్కువున్న చోటికి వెళ్లి నెలలు పోగొట్టుకునేలోపు ఇక్కడ ఇన్‌స్పెక్షన్ (పత్రాల పరిశీలన) గడువు కూడా అయిపోతుంది. రిటన్ స్టేట్‌మెంట్ తర్వాత ఇన్‌స్పెక్షన్‌కి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే ఇంకో 30, అంతకుమించి లేదు. పైగా కొట్టేసిన ఉత్తర్వే తర్వాత ఏం చేయాలో చెప్పింది. దాన్ని వదిలి పైకోర్టుకు పోవడంలో పంతం తప్ప ఫలితం కనబడలేదు.

దారి దొరికిన చోటు

నిర్దిష్టంగా చూపాలంటే, మనం చూడని పత్రం ఉందని మనకెలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు వాళ్లు దాఖలు చేసిన కాగితాల్లోనే ఉంది.

మొదటిది, ఆ అందమైన గ్రాఫులు. ప్రతి గ్రాఫు అడుగున చిన్న అక్షరాల్లో సాఫ్ట్‌వేర్ వేసుకున్న ఫుటర్ ఉంది. రీడింగ్ విరామం 15 నిమిషాలు అని ఒకచోట, "3లో 1వ పేజీ" అని ఇంకోచోట. దాఖలైంది ఒక్కో పేజీనే. మిగతా రెండు పేజీలు ఏమిటో అదే తయారీ లాగర్ వాడే వేరే ఫ్యాక్టరీలో మా క్లయింట్ ఇంజినీర్ చూసి వచ్చాడు. రెండో పేజీలో అలారాల జాబితా, మూడో పేజీలో కరెంటు పోయిన సమయాలు వస్తాయి.

రెండోది, ఎలక్ట్రానిక్ రికార్డుల మీద రూల్ 6 కోరే ప్రకటన. ప్రింటు తీసిన తేదీ, సమయం, ఏ కంప్యూటర్ నుంచి, అది ఎవరి అధీనంలో ఉంది, సరిగా పనిచేస్తోందా అన్నవన్నీ అందులో చెప్పాలి. వాళ్ల ప్రకటనలో ఇవి సగం ఖాళీ. రాసిన వాటిలో ప్రింటు తేదీ మా భద్రపరచమన్న నోటీసు అందిన తర్వాతిది. అంటే ఆ నోటీసు అందాక కూడా మూల డేటా వాళ్ల కంప్యూటర్లో ఉన్నట్టే. ఇప్పుడు పోయింది అంటే ఎప్పుడు, ఎలా పోయిందో చెప్పాల్సిన భారం వాళ్ల మీద పడుతుంది.

మూడోది ఈ కేసుకే ఊపిరి. కౌంటర్ క్లెయిమ్‌తో వాళ్లు బిల్లులు పెట్టారు. అద్దె వరసల మధ్యలో కొన్ని రోజులకు "డీజిల్ వాటా" అని విడి వరస. తేదీ, జనరేటర్ నడిచిన గంటలు, యూనిట్ ధర, మా వాటా. ఆ గంటల అంకెలు గుండ్రంగా లేవు: 6.5, 11.25 లాంటివి. ఎవరో జనరేటర్ ఎప్పుడు ఆన్ చేశారో, ఎప్పుడు ఆపారో రాసుకోకపోతే 11.25 అన్న అంకె రాదు. లాగ్‌బుక్ ఉందని ఒప్పుకోనివాళ్లు ఆ లాగ్‌బుక్ ఆధారంగానే మాకు బిల్లు వేశారు. మన్ను అంటించుకోకుండా చేప పట్టాననే చెరువుగట్టు మనిషిలా ఉంది వ్యవహారం. ఆ తేదీల్లో రెండు, వివాదంలో ఉన్న సరుకు ఆ గదిలో ఉన్న రోజులే.

దీన్ని మొదట పట్టుకున్నది నేను కాదు, మా ఆఫీసుకు పార్ట్‌టైమ్‌గా వచ్చే అకౌంటెంట్. కౌంటర్ క్లెయిమ్ మొత్తం సరిచూడమని ఇస్తే, కూడికలు సరిగ్గానే ఉన్నాయి గానీ ఈ గంటలు ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాడు. చాలా కంపెనీల్లో సాంకేతిక రికార్డులు ఒకరి దగ్గర, బిల్లింగ్ ఇంకొకరి దగ్గర ఉంటాయి. న్యాయవాదికి ఏం ఇవ్వాలో ఆలోచించి ఇచ్చేది మొదటివాళ్లు. డబ్బు వసూలు చేసే తొందరలో ఉన్నది రెండోవాళ్లు. వాళ్ల కాగితాలు సెన్సారుకు వెళ్లవు.

ఆ తేదీల్లో నిజంగా కరెంటు పోయిందా అన్నది మూడోపక్షం నుంచి తేలితే బాగుంటుందని, ఆ ప్రాంతపు ఫీడర్ (కరెంటు సరఫరా లైను)లో అంతరాయాల వివరాలు కోరుతూ విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌కి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. స్టోరేజీవాళ్ల మీటర్ వివరాలు అడగలేదు. అడిగితే వాణిజ్య సమాచారం, మూడోపక్షం అంటూ అభ్యంతరాలు వచ్చి ఆలస్యమవుతుంది. ఫీడర్ అంతరాయాలు ఒక వినియోగదారుడి సొంత సమాచారం కాదు. జవాబు 30 రోజుల గడువులోపే వచ్చింది, బిల్లులోని తేదీలతో సరిపోయింది.

అప్పుడు కొత్త ఐఏ వేశాం. ఈసారి నాలుగే నాలుగు అంశాలు. రెండు గదులకు, బిల్లులో డీజిల్ వాటా పడిన రోజులకు ముందొక రోజు, వెనకొక రోజు కలిపి 15 నిమిషాల రీడింగులు. అవే రోజుల జనరేటర్ లాగ్‌బుక్ పేజీలు. అవే నివేదికల్లో దాఖలు కాని రెండో, మూడో పేజీలు. అవే రోజుల్లో అలారం సందేశాలకు మెయింటెనెన్స్ సిబ్బంది ఇచ్చిన జవాబులు. ప్రతి అంశం పక్కన మూడు గడులు: రిటన్ స్టేట్‌మెంట్‌లో ఏ పేరాకు సంబంధించింది, ఆ పత్రం ఉందని ఏ దాఖలైన కాగితం చెబుతోంది, అది చూపకపోతే కోర్టును ఏం ఊహించమని కోరుతున్నాం. అంతా ఒకే పేజీ పట్టిక. జడ్జిగారు వాదన వినేటప్పుడు చేతిలో పట్టుకున్నది ఆ ఒక్క పేజీనే.

ఎదుటి వకీలు నాలుగో అంశం మీద అభ్యంతరం చెప్పారు. మెయింటెనెన్స్ వాట్సాప్ గ్రూపులో కంపెనీ లా ఆఫీసరు కూడా ఉన్నాడు కాబట్టి అది న్యాయవాది, కక్షిదారు మధ్య గోప్యత కిందికి వస్తుందని. న్యాయసలహా కోసం మాట్లాడుకున్న మాటలకు ఆ రక్షణ ఉంటుంది, జనరేటర్ స్టార్ట్ కావడం లేదన్న సూపర్‌వైజర్ సందేశానికి ఉండదు. లా ఆఫీసరు పంపినవీ, ఆయనకు పంపినవీ మాకు అక్కర్లేదని అక్కడికక్కడే మెమో వేశాం. అభ్యంతరం అక్కడితో ఆగిపోయింది.

మా మీద వాళ్లు వేసిన ఎదురు దరఖాస్తు కూడా అదే రోజు వినికిడికి వచ్చింది. ఇక్కడ పూర్తిగా నిరాకరించాలా, కొంత ఇవ్వాలా అని ఆలోచించాం. పూర్తిగా నిరాకరిస్తే మీరు దాచేవాళ్లే అన్న ముద్ర పడుతుంది, మా ఐఏ బలమూ తగ్గుతుంది. కొనుగోలుదారు ఫిర్యాదుల్లో కొన్ని నష్టం లెక్కకు సంబంధించినవే. కాబట్టి మేమే ప్రతిపాదన పెట్టాం. వివాదంలో ఉన్న రెండు కంటైనర్ల పత్రాలు పూర్తిగా, అదే సీజన్‌లో వేరే చోట నిల్వ చేసి పంపిన సరుకు మీద ఫిర్యాదులు ఏమైనా ఉంటే అవి కొనుగోలుదారు పేరు, ధర మూసేసి. మూసేసిన భాగాలు సరిగ్గానే మూశామో లేదో ఎదుటి వకీలు, వాళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ మా ఆఫీసులో అసలు పత్రాలతో సరిచూసుకోవచ్చు, కక్షిదారుకు చెప్పబోమని ముందు హామీ రాసివ్వాలి. మూడేళ్ల పత్రాలు కావాలని వాళ్లు ఇంకా పట్టుపట్టారు. అప్పుడు జడ్జిగారు మా పత్రాల జాబితాలోని ఆ మైనస్ 12 నోట్ చూపించి, తమకే నష్టం చేసే కాగితాన్ని ముందే పెట్టినవాళ్లు ఏదో దాస్తున్నారనడానికి మీ దగ్గర ఆధారమేమిటని అడిగారు. ఆధారం ఏమీ చూపలేకపోయారు. మా ప్రతిపాదనే ఉత్తర్వు అయింది. క్లయింట్‌కి ఆ నోట్ విలువ అప్పుడు తెలిసింది.

మా ఐఏ నాలుగు అంశాల్లోనూ అనుమతించారు. రూల్ 3 ప్రకారం అలాంటి ఉత్తర్వు తర్వాత ఇన్‌స్పెక్షన్ ఇచ్చి, కాపీలు అందజేయడానికి 5 రోజులే. పత్రాలు కావాలనో నిర్లక్ష్యంతోనో చూపనివాళ్ల మీద గట్టి ఖర్చులు వేసే అధికారం కోర్టుకు ఉందని ఉత్తర్వులో గుర్తుచేశారు.

కాపీ తీసుకునే రోజు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఇక్కడ తడబడితే తర్వాత సాక్ష్యమే నిలవదు. 2024 జూలై 1 తర్వాత వేసిన దావా కాబట్టి ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఒకటి పరికరం అధీనంలో ఉన్నవారు ఇచ్చేది, రెండోది నిపుణుడిది. రెండింటిలోనూ ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ ఏమాత్రం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. అందుకని లాగర్ ఫైలు మామూలుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తామంటే ఒప్పుకోలేదు. రెండు పక్షాల వకీళ్లు, వాళ్ల ఐటీ మనిషి, మేం తీసుకెళ్లిన నిపుణుడు కూర్చుని, ఫైల్ కాపీ చేసిన క్షణానే షా-256 హ్యాష్ తీసి, ఆ పొడుగాటి సంఖ్యను కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టాం. ఇక ఈ ఫైలు మార్చారు అని ఎవరూ అనడానికి లేదు. ఈ పని తొందరలో వదిలేసి, సర్టిఫికెట్ రోజున తంటాలు పడ్డ ఫైళ్లు వేరేవాళ్లవి చూశాను.

డేటా ఏం చెప్పింది

రెండో గదిలో కరెంటు పోయిన రెండు రాత్రుల్లోనూ రీడింగులు కొన్ని గంటలు అసలు లేవు. లాగర్‌కీ కరెంటు ఆగిపోయింది. తిరిగి మొదలైన మొదటి రీడింగు ఒక రాత్రి మైనస్ 9. మళ్లీ మైనస్ 18కి చేరడానికి కొన్ని గంటలు పట్టింది. జనరేటర్ లాగ్‌బుక్‌లో బ్యాటరీ డౌన్, బయటి నుంచి జనరేటర్ తెప్పించారు అని సూపర్‌వైజర్ చేతిరాత. ఒక కంటైనర్ సంగతి దాంతో దాదాపు తేలిపోయింది.

రెండో కంటైనర్ సరుకు మాత్రం మూడో గదిలో ఉంది. ఆ గది రీడింగులు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా మైనస్ 17 దాటలేదు. అంటే మేం కష్టపడి తెప్పించిన డేటానే మా క్లెయిమ్‌లో పెద్ద భాగాన్ని బలహీనం చేసింది. ఎండీగారికి ఈ మాట చెప్పడం సులువైన పని కాదు. ఆ కంటైనర్ నష్టం ఓడ ప్రయాణంలో జరిగి ఉండొచ్చని, షిప్పింగ్ లైన్ మీద, బీమా మీద గడువులు ఇంకా ఉన్నాయో లేదో వెంటనే చూసుకోవాలని చెప్పి, ఆ పనిని సముద్ర రవాణా కేసులు చూసే వేరే న్యాయవాదికి అప్పగించాం.

పత్రాల ఒప్పుకోలు, తిరస్కరణ దశలో ఎదుటివాళ్లు మొదట పాత అలవాటు ప్రకారం మా పత్రాలన్నిటి మీదా "తిరస్కరించడమైనది" అని ఒకే మాట రాశారు. ఇన్‌స్పెక్షన్ పూర్తయిన 15 రోజుల్లో, ప్రతి పత్రానికీ రాసిన సంగతి నిజమా, సంతకం నిజమా, అందిందా అని విడివిడిగా చెప్పాలని, కారణం లేని తిరస్కరణ తిరస్కరణే కాదని రూల్ 4 అంటుంది. అది ఎత్తిచూపితే ఆ అఫిడవిట్ వాపసు తీసుకుని సరైనది వేశారు. అందులో మా తనిఖీ నివేదికల్ని చాలావరకు ఒప్పుకున్నారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

వాణిజ్య దావా ఫైలు తెరిచినప్పుడు ఇప్పుడు ముందు డబ్బు కాగితాలు చూస్తాం: బిల్లులు, డెబిట్ నోట్లు, లెడ్జర్ వరసలు, ఏఎంసీ (వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందం) చెల్లింపులు. ఏ పని జరిగిందో, ఏ పని రిజిస్టర్‌లో రాసి ఉండాలో అవే చెబుతాయి. ఎదుటివాళ్లు కౌంటర్ క్లెయిమ్ వేస్తే చాలామంది విసుక్కుంటారు, నాకు మాత్రం అది అదనంగా ఇచ్చిన పత్రాల కట్టలా కనిపిస్తుంది. తమకు రావాల్సిన రూపాయిని నిరూపించుకునేటప్పుడు ఎవరూ రికార్డులు లేవనరు.

పత్రాలు అడిగేటప్పుడు తక్కువ అడగమని జూనియర్లకి చెబితే మొదట నమ్మరు. కానీ ఒక జడ్జిగారి ముందు ఉదయం పిలిచే ఫైళ్ల సంఖ్య చూస్తే సంగతి అర్థమవుతుంది. నాలుగు అంశాల పట్టికను ఐదు నిమిషాల్లో పరిశీలించి ఉత్తర్వు ఇవ్వొచ్చు, అన్ని రికార్డులూ అంటే వాయిదా ఇవ్వడమే తేలిక. విస్తారంగా ఇచ్చిన మొదటి నోటీసు వృథా పోలేదు, ఎందుకంటే అప్పటి జవాబులోని తప్పించుకునే ధోరణే తర్వాత మా ఐఏలో మొదటి పేరా అయింది. కానీ ఆ రెంటినీ కలిపేయకూడదు. మొదటిది వాళ్లతో మాట్లాడించడానికి, రెండోది ఉత్తర్వు తెచ్చుకోడానికి.

క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు ఇంకో విషయం ఖరారుగా చెబుతాం: అడిగిన డేటా వచ్చాక అది మన పక్షానే మాట్లాడుతుందన్న హామీ లేదు. ఇది దావా మొదట్లోనే చెప్పి ఫైల్లో రాసిపెట్టుకుంటే, మూడో గది లాంటి వార్త చెప్పే రోజున కొంచెం నయం.

కేసు ముగింపు

కేస్ మేనేజ్‌మెంట్ హియరింగ్ (విచారణ ఎలా సాగాలో కోర్టు ఖరారు చేసే రోజు) నాటికి వివాదాంశాలు రెండో గదికీ, రెండు రాత్రులకూ కుదించుకుపోయాయి. కోర్టు సూచన మీద ఈసారి ఇరుపక్షాలూ మధ్యవర్తిత్వానికి వచ్చాయి. స్టోరేజీవాళ్లు మొదటి కంటైనర్ నష్టంలో ఒక భాగం భరించారు. బకాయి అద్దె అందులో సర్దుబాటు అయింది, ఆ రెండు రాత్రుల డీజిల్ వాటా బిల్లులు వెనక్కి తీసుకున్నారు. రెండో కంటైనర్ క్లెయిమ్ మేం వదులుకున్నాం. ఆర్డర్ 23 రూల్ 3 కింద రాజీ డిక్రీ అయింది.

ఎండీగారు ఇప్పుడు వేరే స్టోరేజీలో సరుకు పెడుతున్నారు. కొత్త ఒప్పందంలో ఆయనే అడిగి రాయించుకున్న క్లాజులు మూడు: లాగర్‌కి సొంత బ్యాటరీ ఉండాలి, 15 నిమిషాల రీడింగుల ఫైలు ప్రతి ఉదయం తమ క్వాలిటీ మేనేజర్‌కి మెయిల్‌లో రావాలి, డీజిల్ వాటా బిల్లుతో పాటు ఆ రోజు జనరేటర్ లాగ్‌బుక్ పేజీ ఫొటో జతచేయాలి.